ఆలోచనలను క్రీస్తుకు లోబరచడం ఎలా? రోజూ చేయగలిగిన పద్ధతి, మొదటి నుంచి చివరి వరకు

ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడుగుతారు. "అక్కా, ప్రార్థన మానలేదు, వాక్యం చదువుతున్నాను. కానీ మనసు మాత్రం నా మాట వినడం లేదు." స్త్రీల కూడికలో ఇదే ప్రశ్న, యవనస్థుల కూడికలోనూ ఇదే. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు ఎవరికీ సరిపోవడం లేదు. అందుకే నేను చేస్తున్నదీ, మా గుంపులో కొందరికి నేర్పినదీ వరుసగా రాస్తున్నాను.

అందరికీ తెలిసిన వాక్యమే ఆధారం. "ప్రతి ఆలోచనను క్రీస్తుకు లోబడునట్లు చెరపట్టి" (2 కొరింథీ 10:5). ఇందులో చెరపట్టడం అనే మాట దగ్గర కాస్త ఆగండి. చాలామంది చేసేది చెరపట్టడం కాదు, తరిమేయడం. తరిమిన ఆలోచన వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొస్తుంది. చెరపట్టాలంటే దాన్ని గట్టిగా పట్టుకోవాలి, మొహం చూడాలి, రాజు ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ పని కోసమే.

1. రావడం వేరు, రేవులోకి రానివ్వడం వేరు

సాయంత్రం మా విశాఖ ఆర్‌కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా లంగరు వేసుకున్న ఓడలు కనిపిస్తాయి. చీకటి పడితే వాటి దీపాలు వరుసగా వెలుగుతాయి. అవన్నీ మన పోర్టులోకి వచ్చేసినట్టు కాదు. అనుమతి రావాలి, ఓడకు దారి చూపే పోర్టు పైలట్ వెళ్ళి ఓడ ఎక్కాలి, ఓడను లాగే టగ్గు పడవలు పట్టుకోవాలి. అప్పుడు గానీ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న కాలువ గుండా లోపలికి రాదు.

సముద్రం మీద ఏ ఓడ కనిపించాలో మనం నిర్ణయించలేం. లోపలికి ఏది రావాలో నిర్ణయించవచ్చు. ఆలోచనల విషయంలోనూ అంతే. చెడు ఆలోచన తట్టినంత మాత్రాన మీరు పాపం చేసినట్టు కాదు. యేసు ప్రభువు "సమస్తవిషయములలోను మనవలెనే శోధింపబడినను, ఆయన పాపము లేనివాడుగా ఉండెను" అని హెబ్రీ పత్రిక 4:15 చెబుతోంది. యాకోబు 1:14, 15 వచనాలు చదవండి. ఈడ్వబడడం, మరులు కొల్పబడడం, గర్భం ధరించడం, కనడం అని అక్కడ వరుస ఉంది. ఆ వరుసలో ఎంత ముందుగా ఆపితే అంత తేలిక.

ఈ తేడా మనసుకు ఎక్కకుండా ముందుకు వెళ్ళకండి. వచ్చిన ప్రతి ఆలోచనకీ తమను తాము తిట్టుకునేవాళ్ళు నాలుగో రోజుకే అలసిపోయి వదిలేయడం నేను చాలాసార్లు చూశాను.

2. సిద్ధపాటు: మొదటి వారం రాయడం ఒక్కటే పని

జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పట్టే చిన్న నోట్‌బుక్ కొనండి. ఫోన్‌లో రాసుకోవచ్చు కదా అంటారు. ఫోన్ తీస్తే వాట్సాప్ కనబడుతుంది, రాయాల్సింది మరిచిపోతాం. కాగితమే మంచిది.

మిమ్మల్ని కుంగదీసే, రెచ్చగొట్టే, లేదా పాపం వైపు లాగే ఆలోచన వచ్చినప్పుడల్లా నాలుగు సంగతులు రాయండి:

☐ టైమ్
☐ ఎక్కడ ఉన్నారు, ఏం చేస్తున్నారు
☐ ఆలోచన ఏమిటి? మనసులో వినిపించిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే
☐ ఒంట్లో ఎలా ఉంది? ఆకలి, నిద్రలేమి, తలనొప్పి, గుండె దడ

మూడోది ముఖ్యం. "బాధగా అనిపించింది" అని రాస్తే ఉపయోగం లేదు. "వాళ్ళు నన్ను మనిషిగా లెక్క చేయరు" అని రాస్తే పట్టుకోవడానికి ఒక మాట దొరుకుతుంది.

నా సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసే చోట ప్రమోషన్ల జాబితా వచ్చింది. అందులో నా పేరు లేదు. నా తర్వాత చేరినవాళ్ళ పేర్లు ఉన్నాయి. నెలల తరబడి మనసులో అదే నడిచింది. ఒకరోజు సింకు దగ్గర బియ్యం కడుగుతూ పై అధికారితో లోలోపలే వాదించుకుంటున్నాను. గిన్నె నిండి, బియ్యం నీళ్ళతో పాటు జారిపోతున్నాయి. నా చెయ్యి గిన్నెలోనే ఉంది గానీ నేను అక్కడ లేను. ఆ రాత్రే నోట్‌బుక్ మొదలుపెట్టాను.

వారం తర్వాత చూసుకుంటే "నా కష్టానికి విలువ లేదు" అనే ఒకే వాక్యం 11 సార్లు ఉంది. అందులో 7 సార్లు సాయంత్రం ఆరు, ఏడు మధ్యలోనే. గాజువాక నుంచి తిరుగు బస్సులో, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు. రోజంతా ఇదే ఆలోచన అనుకున్నాను. నిజానికి అది వచ్చే టైమ్ ఉంది, చోటు ఉంది. అలసట, ఆకలి, ఖాళీగా కూర్చోవడం, ఈ మూడూ కలిసే చోట నన్ను పట్టుకుంటోంది. ఈ సంగతి తెలియకుండా నెలల పాటు చేసిన ప్రార్థనలో నేను దేన్ని ఎదిరించాలో నాకే తెలియలేదు.

మొదటి వారం దేన్నీ మార్చడానికి ప్రయత్నించకండి. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అనే 139వ కీర్తన ప్రార్థన పొద్దున ఒకసారి చేసి, రోజంతా రాయండి. అంతే.

3. ఒంటిని లెక్కలో వేసుకోండి

ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దేవుడు అతనికి వెంటనే ప్రసంగం వినిపించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్ర, మళ్ళీ భోజనం. మాటలు ఆ తర్వాతే.

స్టీల్ ప్లాంట్‌లో రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇంటికొచ్చే తమ్ముడికి, పసిబిడ్డకు పాలిస్తూ రాత్రి మూడుసార్లు లేచే తల్లికి, ఆలోచనల మీద పట్టు తప్పడం ఆత్మీయ బలహీనత అనేయడం అన్యాయం. నోట్‌బుక్‌లో నాలుగో గడి చూడండి. సగం ఆలోచనల పక్కన "నిద్ర లేదు" అని ఉంటే ముందు నిద్ర సంగతి చూసుకోండి. షిఫ్టు వాళ్ళయితే వాక్యం చదివే టైమ్‌ని పొద్దున ఐదింటికే అని పట్టుబట్టకుండా నిద్ర లేచిన గంటలో పెట్టుకోండి. అది మధ్యాహ్నం రెండయినా సరే.

4. ఒక్క ఆలోచననే ఎంచుకోండి

వారం చివర నోట్‌బుక్ తిరగేస్తే సాధారణంగా రెండు, మూడు వాక్యాలే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. వాటిలో ఎక్కువసార్లు వచ్చినదాన్ని తీసుకోండి. ఎక్కువ సిగ్గుపడేదాన్ని కాదు, ఎక్కువసార్లు వచ్చినదాన్ని. మిగతావి ఉండనివ్వండి. కోపం, భయం, అసూయ, చెడు చూపు అన్నిటినీ ఒకే వారంలో మార్చేస్తానని ఉపవాసంతో మొదలుపెట్టినవాళ్ళు సోమవారం ఉత్సాహంగా ఉంటారు, గురువారానికి నిరాశపడతారు. ఒక్కదానితో మూడు వారాలు ఉండండి.

5. దానికి సరిపడే వాక్యాన్ని ముందే సిద్ధం చేసుకోండి

అరణ్యంలో శోధకుడైన సాతాను యేసు ప్రభువు దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ప్రభువు "వ్రాయబడియున్నది" అనే అర్థంతోనే జవాబిచ్చాడు. ఆ మూడూ ద్వితీయోపదేశకాండంలోని మాటలే. అంటే అవి ముందే ఆయన హృదయంలో ఉన్నాయి. శోధన వచ్చాక బైబిల్ తెరిచి వెతకడానికి టైమ్ ఉండదు.

ఆలోచనకు ఎదురుగా నిలబడే వాక్యం కావాలి. భయానికి క్షమాపణ వచనం, అపరాధ భావానికి ధైర్యవచనం పెట్టుకుంటే పని చేయదు. నేను ఇచ్చే కొన్ని జతలు:

• రేపు ఏమవుతుందో అనే టెన్షన్: "ఏనాటికీడు ఆనాటికి చాలును" (మత్తయి 6:34)
• మోయలేని చింత: "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" (1 పేతురు 5:7)
• పగ, ఎదుటివాళ్ళకు బుద్ధి చెప్పాలనే కోరిక: "పగతీర్చుట నా పని, నేనే ప్రతిఫలము నిత్తును" (రోమా 12:19)
• ఒప్పుకున్న పాపం మళ్ళీ మళ్ళీ గుచ్చడం: "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" (రోమా 8:1)
• ఇంకా ఒప్పుకోని పాపం: 1 యోహాను 1:9. ఇక్కడ ఓదార్పు వెతక్కండి, ముందు ఒప్పుకోండి.
• చెడు చూపు: "నేను నా కన్నులతో నిబంధన చేసికొంటిని" (యోబు 31:1)
• పక్కవాళ్ళతో పోల్చుకోవడం, ఒంటరినైపోతాననే భయం: హెబ్రీ 13:5. కలిగినవాటితో తృప్తి పొందమనే మొదటి సగం పోలికకు, నిన్ను విడువననే రెండో సగం భయానికి.

ఒక్క వచనాన్నే ఎంచుకుని కంఠతా పట్టండి. సండే స్కూల్లో పిల్లలకు చేయించినట్టే, పొద్దున మూడుసార్లు గట్టిగా చదవండి, మధ్యాహ్నం చూడకుండా ఒకసారి చెప్పండి, రాత్రి ఒకసారి రాయండి. వంటింట్లో గ్యాస్ పొయ్యి వెనక గోడకు అతికించుకోవడం ఆడవాళ్ళకు బాగా పని చేసింది. బండి నడిపేవాళ్ళు హెల్మెట్ పెట్టుకునేటప్పుడు చెప్పుకోవాలని గుర్తు పెట్టుకున్నారు.

6. ఆలోచన వచ్చిన క్షణంలో చేయాల్సిన వరుస

ఈ వరుస మార్చకండి. మొత్తం రెండు నిమిషాల పని.

*మొదట, ఆగండి.* చేతిలో పని పక్కన పెట్టగలిగితే పెట్టండి. ఒకసారి నిదానంగా ఊపిరి తీసుకుని వదలండి.

*రెండు, పేరు పెట్టండి.* "ఇది పగ", "ఇది రేపటి భయం", "ఇది అసూయ" అని లోపల స్పష్టంగా అనండి. "నేను అసూయపరురాలిని" అనకండి. "అసూయ వచ్చింది" అనండి. మొదటి మాట అంటే ఆలోచన మీరైపోతుంది. రెండో మాట అంటే అది మీ చేతికి దొరుకుతుంది.

*మూడు, ప్రశ్నించండి.* మూడు ప్రశ్నలు చాలు. ఇది నిజమా, నా ఊహా? నిజమైతే ఇందులో ఈరోజు నేను చేయగలిగింది ఏమైనా ఉందా? దీన్ని ప్రభువు ముందు గట్టిగా చెప్పగలనా?

*నాలుగు, ప్రభువుకు అప్పగించండి.* అసలు పని ఇక్కడే. చాలామంది మూడో మెట్టు దగ్గరే ఆగి తమతో తాము వాదించుకుంటూ ఉండిపోతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "ప్రభువా, నా కష్టానికి విలువ లేదని నాకనిపిస్తోంది. కోపంగా ఉంది. ఈ మాట నీ ముందు పెడుతున్నాను." అందంగా చెప్పనక్కర్లేదు. దావీదు 13వ కీర్తనలో "ఎంతకాలం" అని నాలుగుసార్లు అడిగాడు, దేవుడు అతన్ని తోసివేయలేదు.

*ఐదు, సిద్ధం చేసుకున్న వచనాన్ని చెప్పండి.* పెదవులు కదిలేలా చెప్పండి. బస్సులో ఉంటే గొంతు తగ్గించండి, కానీ మనసులో మాత్రమే అనుకుని వదిలేయకండి.

*ఆరు, ఒక చిన్న పని చేయండి.* మూడో మెట్టులో చేయగలిగింది ఉందని తేలితే అదే చేయండి. ఫోన్ చేయాలా, ఫీజు గడువు కనుక్కోవాలా, క్షమాపణ అడగాలా. ఏమీ లేకపోతే చేతిలో ఉన్న పనికి తిరిగి వెళ్ళండి.

బస్సులో నేను చేసింది ఇదే. బస్సు ఎన్‌ఏడీ చేరకముందే బ్యాగులో ఉన్న రెండు ఖర్జూరాలు తినేదాన్ని. జంక్షన్ దగ్గర బండ్లు ఆగగానే ఆలోచన వచ్చేది. పేరు పెట్టి, ప్రభువుకు చెప్పి, రోమా 12:19 చెప్పుకునేదాన్ని. మొదటి వారం ఒకే ప్రయాణంలో ఐదారుసార్లు చేయాల్సి వచ్చింది. నాలుగో వారానికి ఒకటి, రెండుసార్లు. పూర్తిగా పోవడానికి నెలలు పట్టింది. ఈ మధ్యలో మూడో మెట్టులోని రెండో ప్రశ్న ఇంకో పని చేసింది. జాబితా ఎలా తయారైందో అధికారిని మర్యాదగా అడగాలని తేలింది, అడిగాను. జవాబు నాకు నచ్చలేదు. కానీ లోలోపలి వాదన అక్కడితో చాలావరకు తగ్గింది.

7. ఖాళీ అయిన చోట ఏం పెడుతున్నారు?

మత్తయి 12లో ఊడ్చి అమర్చి ఉన్న ఇంటిని వెతుక్కుంటూ అపవిత్రాత్మ మరో ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చిన ఉపమానం ఉంది. ఇల్లు శుభ్రంగానే ఉంది, ఎవరూ లేరు. అదే చిక్కు.

ఫిలిప్పీ 4:8ని జాబితాగా వాడుకోండి. "ఏవి సత్యమైనవో, ఏవి మాన్యమైనవో, ఏవి న్యాయమైనవో, ఏవి పవిత్రమైనవో, ఏవి రమ్యమైనవో, ఏవి ఖ్యాతిగలవో, వాటిమీద ధ్యానముంచుకొనుడి." రోజుకు ఒక మాట తీసుకుని, ఆరోజు మీరు నిజంగా చూసిన ఒక సంగతిని దాని పక్కన రాయండి. "న్యాయమైనది: రైతు బజార్‌లో పొరపాటున ఎక్కువిచ్చిన యాభై రూపాయలు ఆ అమ్మ పిలిచి మరీ తిరిగిచ్చింది." ఇంత చిన్నదైనా చాలు. ధ్యానం అంటే కళ్ళు మూసుకుని ఏమీ ఆలోచించకపోవడం కాదు. మంచిదాన్ని నెమరు వేయడం.

అలాగే లోపలికి వెళ్ళేవి చూసుకోండి. పడుకునే ముందు గంటసేపు రీల్స్ చూసి, మనసు నిలవడం లేదని బాధపడితే ప్రార్థన ఒక్కటే ఆ భారం మోయాలి. ఏ సీరియల్, ఏ గ్రూపు, ఏ చుట్టాల కబుర్లు అయ్యాక నోట్‌బుక్‌లో ఎక్కువ రాస్తున్నారో చూడండి. దాన్ని మూడు వారాలు ఆపండి.

8. రాత్రి రెండింటికి మెలకువ వస్తే

చీకట్లో ఆలోచనను పరీక్షించకండి. ఆ టైమ్‌లో ప్రతిదీ ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. మంచం పక్కన కాగితం పెట్టుకోండి. ఒక్క వాక్యంలో ఆలోచన రాసి, కింద "పొద్దున చూస్తాను" అని రాయండి. తర్వాత "నెమ్మదితో పండుకొని నిద్రపోవుదును" అనే 4వ కీర్తన మాటను నిదానంగా చెప్పుకుంటూ ఉండండి. నిద్ర రాకపోతే లేచి కూర్చుని సన్నని వెలుతురులో ఒక కీర్తన చదవండి. ఫోన్ ముట్టకండి.

పొద్దున ఆ కాగితం తప్పకుండా చూడండి. చూడకపోతే రెండో రాత్రికి మనసు మీ మాట నమ్మదు.

9. తరచూ జరిగే తప్పులు, వాటిని సరిదిద్దడం

*వచనాన్ని మంత్రంలా గబగబా చెప్పడం.* నాలుగో మెట్టు దాటేసి ఐదోదానికి దూకితే ఇలాగే అవుతుంది. ముందు మీ మాటల్లో ప్రభువుకు చెప్పండి, తర్వాతే వచనం.

*ప్రతిదానికీ సాతానే కారణం అనడం.* శోధకుడు ఉన్నాడు, నిజమే. కానీ అప్పు తీర్చకపోవడం వల్ల వచ్చే భయానికి మందు అప్పు తీర్చే ప్రణాళిక. మాట జారినందుకు వచ్చే గుబులుకు మందు వెళ్ళి క్షమాపణ అడగడం.

*ఒక రోజు తప్పగానే మొదటి నుంచి మొదలుపెట్టడం.* అవసరం లేదు. తప్పిన రోజు ఖాళీగా వదిలి తర్వాతి రోజు నుంచి రాయండి. నోట్‌బుక్ దేవునికి చూపించే మార్కుల కార్డు కాదు.

*ఒంటరిగా మోయడం.* నా అనుభవంలో అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు 5:16 చెబుతోంటే మనం సంఘంలో అందరి ముందూ "దేవుని కృప, బాగున్నామండి" అంటాం. ఒక్క మనిషిని ఎంచుకోండి. ఆడవాళ్ళు ఆడవాళ్ళను, మగవాళ్ళు మగవాళ్ళను. మాట బయటికి పోనివ్వరని తెలిసినవాళ్ళయి ఉండాలి, ప్రార్థన విన్నపం పేరుతో నలుగురికీ చెప్పేవాళ్ళు వద్దు. వారానికి ఒకసారి ఇరవై నిమిషాలు కూర్చుని, ఎన్నిసార్లు వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఏం చేశారు అనే మూడింటికీ జవాబు చెప్పండి. సలహాలు వద్దు, కలిసి ప్రార్థన చేసి లేవండి.

10. ఈ పద్ధతి సరిపోని సందర్భాలు

కొందరికి దేవుణ్ణి దూషించే మాటలో, ప్రాణంగా చూసుకునే బిడ్డకు హాని చేసే దృశ్యాలో పదే పదే మనసులోకి వస్తాయి. వాళ్ళు వాటిని అసహ్యించుకుంటారు, వణికిపోతారు. ప్రతిసారీ వచనం చెప్పాలి, సరిగా చెప్పలేదని మళ్ళీ చెప్పాలి, పదిసార్లు ఒప్పుకోవాలి. ఎంత చేస్తే అంత పెరుగుతుంది. ఇది ఓసీడీ అనే జబ్బు కావచ్చు, దానికి చికిత్స ఉంది. అలాంటివారు పైన 6వ భాగంలో చెప్పిన వరుసను ఆపేయండి. ఆలోచనతో వాదించడం ఆ జబ్బుకు మేత అవుతుంది.

ఇవి కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి:

☐ రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, తిండి తప్పిపోవడం
☐ ఆపలేని ఆలోచనలు, వాటి కోసం మళ్ళీ మళ్ళీ చేసే పనులు
☐ బయటి నుంచి గొంతులు వినిపించడం
☐ చనిపోవాలనే ఆలోచన. దీనికి రెండు వారాలు ఆగకండి, ఈరోజే చెప్పండి.

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఏ టైమ్‌లోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరైనా మీకు ఇలాంటి సంగతి చెబితే "విశ్వాసం పెంచుకో తమ్ముడూ" అని పంపేయకండి. ఆ రోజు ఒంటరిగా వదలకుండా వెంట ఉండండి, ఆస్పత్రికి తోడు వెళ్ళండి. పాస్టర్ గారు చేసే ప్రార్థన, డాక్టర్ రాసే మందు ఒకదానికొకటి అడ్డం కావు. మందు మొదలుపెట్టాక స్వస్థత వచ్చేసిందని సొంతంగా ఆపేయకండి, డాక్టర్‌ని అడిగే తగ్గించుకోండి.

వెళ్ళేటప్పుడు నోట్‌బుక్ కూడా తీసుకెళ్ళండి. ఆలోచన ఏ గంటకు వస్తోంది, వారంలో ఎన్నిసార్లు, అప్పుడు నిద్ర, తిండి ఎలా ఉన్నాయి అని డాక్టర్ అడిగినప్పుడు గుర్తు తెచ్చుకోవడానికి అవస్థ పడక్కర్లేదు. పేజీ తెరిచి చూపించండి.